సరళ మూడు రోజులు

నల్లమాడలో సరళ కన్నా కష్టపడే ఆడవాళ్లు ఉంటారేమో గానీ, నెలసరి వస్తే సరళ అంతగా సంబరపడే మనిషి మాత్రం ఇంకొకరు లేరు.

అత్త సుంకమ్మ పాత ఆచారం మనిషి. ఆ మూడు రోజులూ కోడలు వంటింటి గడప తొక్కకూడదు, కడవ ఎత్తకూడదు, పొయ్యి ముట్టకూడదు. చదువుకున్న ఆడపిల్లలు ఇదేం చాదస్తమని పోట్లాడుతుంటే, సరళ మాత్రం పెద్దల మాట కాదనగలమా అంటూ వేపచెట్టు కింద నులక మంచం వాల్చేసుకునేది. చెప్పొద్దూ, మిగతా రోజులన్నీ సంగటి కెలికి, బర్రెలు పిండి, చేలో కలుపు తీసే మనిషికి అంతకు మించిన పండగ ఏముంటుంది? అత్తకు మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆ మూడు రోజులూ సంగటి కెలికే కట్టె మొగుడు వీరేష్ చేతికొచ్చేది. అతను కెలికిన సంగటిలో నేరేడుపండ్లంత ఉండలు. పిల్లలు వాటిని ఏరి గోళీలాడేవాళ్లు. సరళ మంచం మీద కాళ్లూపుకుంటూ, "ఉప్పు తక్కువైనట్టుండాది మామా" అనేది.

అంత సుఖంగా ఉన్న మనిషి తన నెత్తిన తానే చెయ్యి పెట్టుకుంది.

చెనిక్కాయలు, అదే వేరుశనగ, అమ్మిన రోజు మండీలో ఆడవాళ్లంతా సరదాకి ఒక్కొక్కరే కాటా ఎక్కారు. కాటా వేసే లక్ష్మీపతికి మెల్లగా మాట్లాడటం పుట్టుకతోనే రాదు. "సరళమ్మ, రెండు మూటలకు రెండు కిలోలు తక్కువ" అని బజారంతా వినపడేట్టు చెప్పాడు. మూట నలభై కిలోలు. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఎవరనుకున్నారు, కట్టుకున్న మొగుడే. సరళకు ఒళ్లు మండిపోయింది.

మర్నాటి నుంచి మొదలుపెట్టింది. ఫోన్లో ఎవరో బక్కపలచని పిల్ల చెప్పినట్టు పొద్దున దోసకాయ ముక్కలు, మధ్యాహ్నం గుప్పెడు మొలకలు, రాత్రికి జీలకర్ర నీళ్లు. సంగటి వడ్డించేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది. ఎండిన చెరువు కట్ట మీద పొద్దున ఆరు కిలోమీటర్లు, సాయంత్రం ఆరు కిలోమీటర్లు పరుగు. మొదటి వారం కుక్కలు వెంటపడ్డాయి. రెండో వారానికి వాటికే ఆయాసం వచ్చి మానుకున్నాయి. నాలుగు నెలలకు ఇరవై కిలోలు కరిగిపోయింది. "మూటన్నర కూడా లేదు" అని లక్ష్మీపతి చాటాడు.

అంతా బాగానే ఉంది, నులక మంచం వాల్చే రోజే రావటం లేదు. మొదటి నెల సరళ పట్టించుకోలేదు. రెండో నెల వేపచెట్టు వంక చూసి నిట్టూర్చింది. మూడో నెల ఏడ్చేసింది, పొయ్యి ముందు కూర్చుని, పొగ వంక పెట్టుకుని. మూడు నెలలుగా ఒక్క పూట తీరిక లేదు. దానికితోడు జుట్టు ఊడుతోంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. సుంకమ్మేమో మనవరాలు పుట్టబోతోందని వీధివీధికీ చెప్పుకుంటోంది. వీరేష్ మాత్రం ఎన్నడూ లేనిది కదిరి పోయి పెళ్లానికి పరుగు బూట్లు కొనుక్కొచ్చాడు. "ఇంకా తగ్గాల నువ్వు" అంటాడు.

ఆ ప్రేమ గుట్టు మండీలోనే తెలిసింది. మూటల వెనక మొగుడి గొంతు విని సరళ ఆగిపోయింది.

"ఏమప్పా, బూట్లు కొనిచ్చినావంట?" అని లక్ష్మీపతి అడుగుతున్నాడు.

"ఏం చేసేదన్నా. ఆమె పరుగు మొదలుపెట్టినాక మంచమెక్కేదే మానేసింది. నేను సంగటి కట్టె పట్టి మూన్నెల్లాయె. పరిగెత్తనీలే పాపం" అన్నాడు వీరేష్.

సరళ మూటలు దాటుకుని వచ్చింది. మొగుడి చొక్కా కాలర్ పట్టుకుని, నేరుగా ఆరోగ్య కేంద్రంలో నర్సు సుజాత ముందు నిలబెట్టింది.

సుజాత పరీక్ష చేసి చూసింది. "కడుపు లేదు, ఏమీ లేదు. దోసకాయ తప్ప నీ కడుపులో ఇంకేముంటాది సరళా?" అంది. తర్వాత వీరేష్ వైపు తిరిగింది. "బోరులో నీళ్లు తగ్గితే ఏం చేస్తావప్పా? తాగేదానికి పెట్టుకొని చేనుకు ఆపుతావు కదా. ఈమె ఒళ్లూ అదే చేసింది. తిండి లేదు, పైన పన్నెండు కిలోమీటర్ల పరుగు. ఉండే బలం గుండెకైనా మిగలనీ అని నెలసరి ఆపేసింది. ఇట్లే వదిలేస్తే ఎముకలు గుల్లబారతాయి."

వీరేష్ మొహం పాలిపోయింది. "నాకేం తెల్సక్కా, బాగుంటాదని..." అని నసిగాడు. తన స్వార్థానికి సిగ్గుపడ్డాడో, పెళ్లాం మీద భయమేసిందో, ఆ మనిషికే తెలియాలి. కదిరిలో రక్త పరీక్షలు చేయిస్తే వేరే జబ్బేమీ లేదన్నారు. మూడు పూటలా తిండి, రోజుకు అరగంట నడక, అంతే మందు.

ఆ సాయంత్రం నాలుగు నెలల తర్వాత సరళ వేడి సంగటి ముద్దలో గుంట చేసి, నెయ్యి పోసుకుని, చెనిక్కాయల చట్నీ నంజుకుంది. మొదటి ముద్దకే కళ్లనీళ్లొచ్చాయి. ఎంత పిచ్చిదాన్నయ్యానని తనను తానే తిట్టుకుంది.

ఇంకో రెండు నెలలు గడిచాక ఒకనాటి పొద్దున వేపచెట్టు కింద నులక మంచం వాలింది. మనవరాలి ఆశ పోయిన సుంకమ్మ ముక్కు చీదుకుంది. వీరేష్ సంగటి కట్టె అందుకున్నాడు. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. నాలుగో రోజు తెల్లవారగానే కట్టె చేతబట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు.

"లేచి తలకు పోసుకో సరళా. అయిపాయె కదా."

సరళ అటు తిరిగి పడుకుంది. "అయిపోయినవి ఈ నెలవి మామా. రాని ఐదు నెలలవీ అట్లనే ఉండాయి."

వీరేష్ దిక్కుతోచక తల్లి వైపు చూశాడు. ఆచారం విషయంలో ఎవరినీ వదలని సుంకమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"పదైదు దినాలురా నాయనా. ఈ పొద్దన్నా ఉండల్లేకుండా కెలుకు."