ఎర్ర పట్టీ లేచిన రోజు

కిరాణా కొట్లో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. బేరంలో నన్ను మించినవాడు, నేను వలస వచ్చిన ఈ ఆడమ్స్‌టౌన్‌లో లేడు. పక్షవాతంతో కూడా బేరమాడాను మరి. ఆ శనివారం పొద్దున కుడిచేతిలోంచి టీ కప్పు జారిపోతే, ఎమర్జెన్సీకి వెళ్తే రోజంతా కూర్చోబెడతారు, సోమవారం మామూలుగా చూసే జీపీ డాక్టరుకి చూపిద్దాంలే అని మా ఆవిణ్ణి మధ్యాహ్నం దాకా ఆపాను. మూతి వంకర పోయాక ఇక నా మాట వినకుండా అంబులెన్స్ పిలిచింది.

"బేరం బాగానే గెలిచారు, చెయ్యి పోగొట్టుకుని," అంది వార్డులో.

మాట తిరిగొచ్చింది, నడక వచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఎవరో నా ఒళ్ళో పెట్టి మరిచిపోయిన సామానులా ఉండిపోయింది. నెలలు గడిచినా ఒక్క వేలూ కదల్లేదు. అప్పుడు ఫిజియో చేయించే అమ్మాయి ఒక పరిశోధన సంగతి చెప్పింది. స్కానర్‌లో పడుకుని చెయ్యి కదుపుతున్నట్టు ఊహించుకోవాలట. మెదడులో ఆ చోటు మేలుకుంటే కళ్ళ ముందు తెర మీద ఎర్ర పట్టీ ఒకటి పైకి లేస్తుందట. గ్యారంటీ ఏమిటన్నాను. ఏమీ లేదంది. అంత నిజం చెప్పే వ్యాపారిని నేనెక్కడా చూడలేదు. సంతకం పెట్టేశాను, ఎడంచేత్తో.

స్కానర్ గొట్టంలో చెవులు పగిలే చప్పుడు. పిడికిలి మూసి తెరుస్తున్నట్టు అనుకోమన్నారు. పట్టీ లేవలేదు. మళ్ళీ అనుకున్నాను, లేవలేదు. విసుగొచ్చి, ఈ చేతికి తెలిసిన పనేదైనా చేద్దామని, మనసులోనే మా కొట్లో కూర్చుని పొట్లం కట్టాను. కాగితం మడిచి, శనగపప్పు పోసి, పైనుంచి వేలాడే దారం లాగి, నాలుగు చుట్లు చుట్టి, వేలికి మెలేసి పుటుక్కున తెంపాను. కొన్ని సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత పట్టీ లేచింది.

ఆపాను. మెల్లగా దిగింది. ఇంకో పొట్లం కట్టాను. మళ్ళీ లేచింది. ఎప్పుడో మూతపడ్డ మా నాన్న కొట్టు నా తలలో తెరిచే ఉంది. అక్కడ నేను తెంపిన దారం ఇక్కడ తెర మీద ఎర్రగా కనబడుతోంది. ఇన్నేళ్ళూ మోసుకు తిరిగిన తలలో ఏముందో నాకే తెలియదు.

బయటికొచ్చాక పరిశోధకురాలు ఏం ఊహించారని అడిగితే, పొట్లం అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పలేక నానా తంటాలు పడ్డాను. భేష్ అన్నట్టు ఇక్కడివాళ్ళ ధోరణిలో గ్రాండ్ అని, అదే కానివ్వండి అంది.

వారాల తరబడి అదే పని. అక్కడ స్కానర్‌లో, ఇంట్లో ఫిజియో కసరత్తుల మధ్య. ఒక సాయంత్రం సోఫాలో కళ్ళు మూసుకుని ఉంటే మా ఆవిడ గొంతు తగ్గించి అంది:

"ఏమండీ, బొటనవేలు కదిలింది. ఆపకండి."

తేలిన లెక్క ఇది. బొటనవేలు, చూపుడువేలు వచ్చాయి. డబ్బా పట్టుకోగలను, మూత తియ్యలేను. చొక్కా గుండీలు మా ఆవిడే పెడుతుంది. ఇందులో స్కానర్ వాటా ఎంత, ఫిజియో వాటా ఎంత, కాలం వాటా ఎంత అని అడిగితే, ఒక్క మనిషిని చూసి విడదీసి చెప్పలేమన్నారు. మిగతా మూడు వేళ్ళు రాలేదు.