గోడలు తడిపినామె

టేకులపల్లి దాటినంక బస్సుల నా కవిత పైకే చదువుకుంటున్న. తొలితరం ఆడ ఆర్కిటెక్టు మీద రాసిన. భద్రాచలం సభల చదవాలె. గట్టిగ కుదిరిందని నాకు ధీమా.

పక్క సీట్ల, చేతులకు సిమెంటు మరకలున్న పెద్దామె మొత్తం విన్నది.

"గోడలు లేచినయంటివి. వాటిని తడిపిందెవరు బిడ్డా?"

"ఆమె ప్లాను గీసిందమ్మా."

"గీస్తే లేస్తది. తడపకుంటే పగులుతది. పండుగ నాడు గూడ నీళ్లు మోసి తడిపిన నేను."

కవితకు వంక పెట్టనీకి ఈమెవరని మండింది నాకు. ఆమె పాల్వంచల దిగిపోయింది. భద్రాచలం వచ్చేలోపు నాలుగు లైన్లు కొట్టేసి, నీళ్లు మోసే ఆడమనిషి మీద ఒక లైను రాసిన.

సభల చప్పట్లు ఆ లైనుకే పడ్డయ్. ఆర్కిటెక్టు పేరు కవిత నెత్తిన ఉన్నది. ఈమె పేరు నేను అడగనే లేదు.