క్రిమికీ ఒక క్రిమి

తమిళనాడు సేత్తూరులో మా కొబ్బరి మట్టలు పక్కటెముకల్లా లోపలికి వంగి పసుపెక్కిన ఏడాది అది. కొబ్బరి పోతే వక్కతోనైనా బతుకుదామని నడుమ వక్కచెట్లు నాటినాము.

ఒకరోజు బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లో ఐస్ పెట్టె ఉండింది. ఏముందని అడిగితే, మలయాళం యాస కలిసిన తమిళంలో చెప్పింది: పరిశోధనకు తీసుకుపోతున్న జబ్బు కొబ్బరి ముక్కలంట. చెట్టును వాడగొట్టేది ఒంటికి గోడ కూడా లేని చిన్న బ్యాక్టీరియా అంట. "దానికీ వైరస్ పడుతుంది అక్కా" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆ వైరస్‌నే మా చెట్లకు ఎక్కించండమ్మా! దాని రోగం మనకు మంచిదే కదా. ఇంత చదివి ఇది తోచలేదా మీకు?"

"అన్ని వైరస్‌లూ చంపవు అక్కా. కొన్ని తమ ముక్కల్ని ఆ బ్యాక్టీరియాలోనే వదిలేస్తాయి. వాటితోనే అది కొత్త చెట్లలో బతకడం నేర్చుకుంటుందేమోనని మా అనుమానం."

"అనుమానాన్ని ఐస్‌లో పెట్టి మోస్తున్నావా?"

ఆమె నవ్వలేదు. "కొబ్బరి నడుమ ఇంకేం వేసినారు?"

"వక్క."

పెట్టె మీది చెయ్యి ఆగింది. "వక్క మట్టల కొసలు పసుపెక్కుతాయేమో చూస్తా ఉండండక్కా" అని మాత్రం చెప్పి దిగిపోయింది. ఎంత వాదించాలన్నా మనిషి లేదు.

అప్పటినుంచి పొద్దున్నే కాఫీకి ముందే వక్కల కింద నిలబడి తలెత్తి చూస్తాను. ఏం వెతుకుతావని మా ఆయన అడిగితే, కాకి గూడని చెప్తాను.

నిన్న ఆయనా వచ్చి నా పక్కన నిలబడి పైకి చూసినారు. ఆయన చూపు కూడా మట్టల కొసల మీదే ఆగింది.