అంగుళానికి ఎన్ని చుక్కలు?

ఉదయం ఆరు నలభైకి గుంటూరు స్టేషన్లో నేను తుమ్మిన తుమ్ముకి రైలు రెండడుగులు వెనక్కి జరిగింది. మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీస్తే మిరపకాయలన్నీ ముక్కులోనే దిగుమతి అవుతాయి.

చీరాల చేనేత మ్యూజియానికి నా ప్రయాణం. నేను పనిచేసే మ్యూజియమూ వాళ్లదీ పాత వస్తువుల్ని స్కాన్ చేసి కంప్యూటర్లో దాస్తున్నాయి. స్కానరు అంగుళానికి ఎన్ని చుక్కలు తియ్యాలో ఇద్దరిదీ ఒకే మాట కావాలట. మూడొందలా, పన్నెండొందలా? "మూడొందలు చాలనుకుంటా. తేల్చుకు రండి," అన్నారు మా ఆఫీసరుగారు. ఎప్పుడో జిరాక్సు మెషీన్లో ఇరుక్కున్న కాగితం లాగాను. ఆనాటి నుంచి ఆఫీసులో నేనే సాంకేతిక నిపుణుణ్ణి.

తెనాలిలో రైలు మారాను. ఎదుటి సీటులో మిర్చి వ్యాపారి నా ఉత్తరీయం తడిమి, "చీరాలదాండీ?" అన్నాడు.

"అచ్చమైన మగ్గం నేతండీ," అన్నాను గొప్పగా. "నేసినాయన చెయ్యి ఇంకా వెచ్చగా తగుల్తోంది."

బాపట్ల వచ్చేలోగా పెట్టెలో సగం మంది దాన్ని తడిమారు. చుక్కల సంగతి చెబితే వ్యాపారి నవ్వాడు. "మేం కాయని వేళ్లతో నలిపి చూస్తామండీ. చుక్కలెందుకు?" నాకున్న కాస్త అవగాహనా బాపట్లలో దిగిపోయింది.

తొమ్మిదింటికి చీరాల. చెరువంత అల్లం పచ్చడిలో నాలుగిడ్లీలు ఈదించి, ఆటోలో మ్యూజియం చేరాను. అక్కడ స్కానరు చూసుకునేది యేసురత్నంగారు, రిటైరైన డ్రాయింగు మాస్టారు. పక్కన నేత పనిచేసే వెంకాయమ్మగారు. ఆవిడ ఒళ్లో మడత పెట్టిన జానెడు కొంగు ముక్క, వాళ్ల అత్తగారు నేసింది. ఆ డిజైను ఇప్పుడెవరికీ రాదు. మళ్లీ నెయ్యాలని ఈవిడ పంతం.

"ఒక్కసారే విప్పుతానండీ. రెండోసారికి పొడే మిగుల్తుంది," అంది.

"మూడొందలు చాలు," అన్నాను గంభీరంగా.

"చాలని ఎవరన్నారు?"

"మా ఆఫీసరుగారు."

"ఆయన నేస్తారా?"

ముందు వేరే గుడ్డతో చూద్దామంది. ఇద్దరూ నా భుజం వైపు చూశారు.

మూడొందలకి నా ఉత్తరీయం పోగులన్నీ పొంగలిలా కలిసిపోయాయి. పన్నెండొందలకి ఒక్కో పోగూ మోకుతాడంత! వెంకాయమ్మగారు తెర మీద చీపురుపుల్ల ఆనించి అంగుళం పొడుగూ పోగుల్ని రెండుసార్లు లెక్కపెట్టింది. "ఇలా కనపడితే చూసి నేసెయ్యొచ్చు." ఆగి, "ఏమనుకోకండి అన్నయ్యగారూ, ఇది మగ్గానిది కాదు, మిల్లుది. పోగుల మధ్య ఎడం చూడండి, గీత గీసినట్టుంది. మనిషి చెయ్యి అంత బుద్ధిగా ఉండదు," అంది.

యేసురత్నంగారు దగ్గు వచ్చినట్టు నటించి బయటికెళ్లి నవ్వుకుని వచ్చారు.

అప్పుడు కొంగు విప్పింది. అద్దం మీద పరిచాం. స్కానరు వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకి పాకేదాకా ముగ్గురం ఊపిరి బిగబట్టాం. తియ్యబోతే కొంగు మడత దగ్గర రెండుగా విడిపోయింది. ఆవిడ దాని వంక చూడలేదు. తెర మీద పుల్ల నడిపిస్తూ ఒకచోట ఆగింది.

"ఇదిగో, ఇక్కడ మా అత్తయ్య పోగు తప్పింది! నేను తప్పినప్పుడల్లా ఎంత తిట్టేదీ!" అని నవ్వుతూనే కళ్లొత్తుకుంది.

నాలుగున్నర బండికి తిరుగుప్రయాణం. సంచీలో పన్నెండొందలని సంతకాలైన కాగితం. దానికి అంటించిన నమూనా బొమ్మ నా ఉత్తరీయానిదే, 'మిల్లు గుడ్డ' అన్న వివరంతో సహా. చుక్కంటే ఏమిటో నాకింకా తెలీదు. మీరూ ఆ మ్యూజియానికి వెళ్లండి, భుజం మీద ఏమీ వేసుకోకుండా.

బాపట్లలో ఒకాయన ఎక్కి, నా భుజం మీది ఉత్తరీయం తడిమాడు. "చీరాలదాండీ?"

"చీరాల వెళ్లొచ్చిందండీ," అన్నాను.