నాయన, పెన్నానది, చిక్కటి నూనె

కారు కొనే తెలివి వేరు, కారుకు నూనె పోసే తెలివి వేరు అని ఆ రోజుల్లో నాకు తెలియదు. తెలియకపోవడం పెద్ద నేరమేమీ కాదు. కానీ నేను ఉరవకొండ పక్కన ఒక ఊళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలకు ఘర్షణ పాఠం చెప్పే అయివారిని. కందెన అంటే ఏమిటి, రెండు ఇనుప ముక్కల మధ్య దూరి అది ఏం పని చేస్తుంది, మరీ చిక్కనైతే ఎందుకు పారదు అని బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పినవాణ్ణి. పాఠం పిల్లలకు ఎంత ఎక్కిందో గానీ, చెప్పినవాడికి మాత్రం ఎక్కలేదని మా ఇంటి ముందు నిలబడిన తెల్లకారు ఊరందరికీ రుజువు చేసింది.

ఆ కారు నాకంటే ముందు ఇద్దరి దగ్గర కాపురం చేసి వచ్చింది. అయినా మా వంశంలో అదే మొదటి కారు. నాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, సంతలో ఎద్దును చూసినట్టు చూసి, ఒక్క కోరిక కోరినాడు. పెన్నలో నీళ్ళు వచ్చినప్పుడు పామిడికి తీసకపొమ్మన్నాడు. నాయన అమ్మమ్మగారి ఊరు పామిడి. చిన్నప్పుడు ఆ ఏట్లో మునిగి, తేలి, దెబ్బలు తిన్న మనిషి. తర్వాత తర్వాత పెన్న అంటే ఇసుకే అయిపోయింది. (మా దిక్కు ఏట్లో ఇసుక ఉండటం మామూలు సంగతి, నీళ్ళు రావడం వార్త.) ఇంకొకరి నోట విని తృప్తిపడటం ఆయనకు చాలలేదు. కంటితో చూడాలి.

ఆ ఏడు చలికాలం మొదట్లో పైన యాడనో వానలు పడి, పెన్న వచ్చిందని పామిడి నుంచి కబురొచ్చింది. నాయన ఆ సాయంత్రమే తెల్లపంచె ఉతికించుకున్నాడు. అంత దూరం పోయే ముందు ఇంజన్ చూపిద్దామని నేను కారును సైలెన్సర్ భాయ్ దగ్గరికి తోలుకుపోయినా. మాట పొదుపు మనిషి కాబట్టి మెకానిక్కుకు ఊరు పెట్టిన పేరది. నూనె నల్లబడిందన్నట్టు తల ఊపి, దాన్ని తీసేసి, లోపలి నుంచి కొత్త డబ్బా తెచ్చినాడు. నాతోపాటు వచ్చిన మా అక్క మొగుడు, అంటే మా బావ, ఆ డబ్బా మూత తీయించినాడు. బావ లారీ డ్రైవరు. ఢిల్లీ దాకా పోయివచ్చినవాడు కాబట్టి మా ఇంట్లో ఇంజన్ల విషయంలో ఆయనదే ఆఖరి మాట.

శెనక్కాయ నూనె కొనేటప్పుడు మేమంతా చేసే పనే బావ అక్కడా చేసినాడు. ఒక చుక్క బొటనవేలి మీద వేసుకుని, చూపుడువేలితో రుద్ది, వాసన చూసి, మొహం చిట్లించినాడు. 

"నీళ్ళప్పా ఇవి. ఏందో కలిపినాడు."

మా సీమలో పల్చనిదంటే మోసం చేసినదనే లెక్క. పాలు పల్చనైనా, పప్పు పల్చనైనా, నూనె పల్చనైనా ఎవరో ఎక్కడో చెయ్యి పెట్టినారనే అనుమానం. నేనూ ఒక చుక్క రుద్ది చూసినా. నిజంగానే జారిపోతోంది. (జారడమే దాని ఉద్యోగమని నా బోర్డు మీద నేనే రాసిన సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.)

సైలెన్సర్ భాయ్ బహుశా తన జీవితంలోకెల్లా పొడవైన మాట అప్పుడే మాట్లాడినాడు. "అన్నా, ఇది పెట్రోల్ బండి. దీనికి పల్చందే పోయాల. చిక్కంది పొద్దున్నే చలికి పైకెక్కదు."

బావ వినలేదు. తన లారీకి పోసే నూనెలో వేలు పెడితే వేలు రాదని, అంత లారీని మోసే నూనె ఇంత కారును మోయదా అని అడిగినాడు. సైన్సు చదివిన నేను అవునవునని తల ఊపినా. భాయ్ డబ్బా మూత బిగించి చేతులు కడుక్కున్నాడు. బావే లారీ నూనె తెచ్చి స్వయంగా పోసినాడు. నల్లటి తేనెలాగా, తీరిగ్గా, గౌరవంగా దిగింది. చూడటానికి ఎంత బాగుందో.

మరుసటి రోజు పొద్దున్నే నాయన తెల్లపంచె కట్టుకుని, ఏటి నీళ్ళు తేవడానికి సీసా పట్టుకుని, నా పక్కన కూర్చున్నాడు. తాళం తిప్పితే కారు ముసలాయన మంచం దిగుతున్నట్టు మూలిగింది. మళ్ళీ తిప్పితే అదీ లేదు. వీధి వీధంతా తోస్తే ఎట్లో అంటుకుంది గానీ, ఇంజన్లో ఎవరో రోకళ్ళతో దంచుతున్నట్టు చప్పుడు. నూనె గుర్తు ఎర్రగా వెలిగి ఆరనే లేదు. ఊరు దాటి శెనక్కాయ చేన్ల మధ్యకు రాగానే పెద్దగా దగ్గి ఆగిపోయింది. బానెట్ ఎత్తితే పొగ. నాయన దిగి, వంగి చూసి, "అబ్బీ, దీంట్లో శెనగ్గింజలు ఏంచుకోవచ్చేమో" అన్నాడు.

బస్సులో పోదామా అని అడిగినా. అడిగేటప్పుడు నా మొహం ఎట్లుందో నాకు కనపడలేదు, ఆయనకు కనపడింది. 

"వద్దులే. నీ కార్లోనే పోదాం. నీళ్ళు యాడికి పోతాయి?"

నీళ్ళు పోయినాయి. సైలెన్సర్ భాయ్ ఆ చిక్కటి నూనెంతా కక్కించి, అరిగిన ముక్కలు మార్చి, తన పల్చటి నూనె పోయడానికి ఆరు రోజులు పట్టింది. మేం పామిడి చేరేసరికి ఏటి నడుమ పంచె పరిచినంత వెడల్పున ఒక పాయ మిగిలింది. నాయన చెప్పులు విడిచి అందులో నిలబడినాడు. మడమలు కూడా మునగలేదు. చాలాసేపు నిలబడి, "తడి ఉండాది కదా, చాలు" అని గట్టెక్కినాడు. సీసా ముంచడానికి లోతు లేక దోసిలితో నింపుకున్నాడు. ఆయన బతికుండగా పెన్న మళ్ళీ రాలేదు.

బావ మాత్రం ఈ కథను ప్రతి పెళ్ళిలోనూ చెప్పేవాడు. మొదట్లో "మేం పోసినాం" అనేవాడు. రెండు మూడు పెళ్ళిళ్ళయ్యాక "మా బామ్మర్ది పోసినాడు" అయింది. ఆ తర్వాత "ఎంత వద్దన్నా వినలేదు, సైన్సు అయివారు కదా" దాకా వచ్చింది. పంతిలో అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. అప్పటి నన్ను, ఆ తెల్లకారు అయివారిని, వాడి వేళ్ళ మధ్య జారిన చుక్కను తలుచుకుంటే ఇప్పటికీ వాడి మీద కోపం రాదు, జాలి వేస్తుంది. పాపం, నాయన ఎక్కే బండికి మంచిదే పోద్దామనుకున్నాడు.

పోయిన వానాకాలం పెన్న రెండు గట్లూ ఒరుసుకుని వచ్చింది. నా దగ్గర ఇప్పుడు వేరే కారుంది. దానికి ఏ నూనె పోయాలని పుస్తకంలో రాసుంటే అదే పోస్తాను, వేళ్ళతో రుద్దను. లారీ అమ్మేసి, మోకాళ్ళు పట్టేసిన బావ తననూ తీసకపొమ్మని ఫోన్ చేసినాడు. ఇంటికొచ్చి, అలవాటుగా ముందు తలుపు మీద చెయ్యి వేసినాడు. పక్కన కూర్చుంటే గేరు గేరుకూ సలహా చెప్పే మనిషి.

"ఎనక కూర్చో బావా" అన్నాను.

"ముందర ఖాళీగానే ఉండాది కదప్పా."

"ఖాళీ లేదు."

బావ నన్ను చూసినాడు, తెల్లకార్లో నాయన కూర్చున్న దిక్కునున్న ఆ సీటును చూసినాడు. తర్వాత తలుపు మెల్లగా వదిలి, మోకాళ్ళు ముడుచుకుని వెనక సీట్లోకి ఎక్కినాడు. పామిడి వంతెన వచ్చేదాకా ఏ గేరు వేయాలో ఒక్కసారి కూడా చెప్పలేదు.