నీళ్ళతో స్టవ్వు వెలిగిద్దామని

అమలాపురంలో నాది ఇన్వర్టర్ల రిపేరు షాపు. కిందటి వేసవిలో ఫోన్లో ఒక వీడియో చూశాను. నీళ్ళలోకి కరెంటును ఏకధారగా పంపకుండా ఆపి ఆపి, సెకనుకు వేలసార్లు కొడితే బోలెడు గ్యాసు వస్తుందట. దాంతో స్టవ్వు కూడా వెలుగుతుందట. పాత ఇన్వర్టరు బోర్డులు నా దగ్గర గుట్టలుగా పడున్నాయి. అమ్మ మాగాయ పెట్టుకునే గాజుసీసా ఖాళీగా కనిపించింది. అందులో నీళ్ళు పోసి, కాస్త వంటసోడా కలిపి, రెండు స్టీలు రేకులు దించి, మూతకు గొట్టం బిగించి, పెరటి అరుగు మీద ఒక బోర్డు ద్వారా బ్యాటరీ తగిలించాను. బోర్డు కందిరీగలా గీపెట్టింది. రేకుల చుట్టూ తెల్లగా బుడగలు లేచాయి. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆ సాయంత్రమే బావగారు వచ్చారు. మా అక్క భర్త. కొత్తపేటలో మోటార్లకు వైండింగు చేస్తారు. జేబులో మీటరు లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళరు. ఆపి ఆపి కొట్టి ఒకసారి, తిన్నగా కొట్టి ఒకసారి కొలిచి, పెదవి విరిచారు.

"ఎలా కొట్టినా లాగిన కరెంటుకి తగ్గ గ్యాసే వస్తాదయ్యా. దీని మీద టీ పెట్టేవంటే తెల్లారిపోద్ది."

నా మొహం మాడిపోయింది. అమ్మ అల్లుడిని గుమ్మం దాకా సాగనంపింది. ఆయన వెళ్ళాక అడిగింది.

"ఏరా, ఆ బుడగల్లో నిజంగా ఏమీ లేదా?"

"ఉందమ్మా. స్టవ్వుకి చాలదంతే. సబ్బునీళ్ళలోకి పట్టి మంట చూపిస్తే పేలుద్ది."

గిన్నెలో సబ్బునీళ్ళు పోసి సీసా గొట్టం ముంచాను. గుప్పెడు నురగ లేచాక గొట్టం తీసేసి, సీసాను దూరంగా పెట్టి, పొడుగాటి ఈనెపుల్ల వెలిగించి ఆనించాను. పెరడంతా ఠాప్ మంది. చెవులు మూసుకున్న అమ్మ కాసేపటికి చేతులు తీసి, "రేపు అల్లుడుగారిని కాఫీకి పిలుస్తాను, వచ్చేటప్పటికి ఇది సిద్ధంగా ఉంచు" అంది.

మర్నాడు ఆయనకు మర్యాదగా కాఫీ ఇచ్చింది.

"నిన్న మీరు చెప్పింది నాకు సరిగ్గా అర్థం కాలేదండి. ఈ నురగలో గ్యాసుందో లేదో చూసి చెప్పండి. కాస్త ఎడంగా నిలబడండి."

"ఉన్నా చీమ తుమ్మినంతండి అత్తయ్యగారూ" అన్నారు బావగారు గ్లాసు ఊదుకుంటూ.

"ఆయ్" అని అమ్మ మండుతున్న ఈనెపుల్ల చాపింది.

కొబ్బరిచెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. కాఫీ బావగారి తెల్లచొక్కా మీదికి వచ్చింది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి, "గ్యాసుబండ పేలిందాండి?" అని కంగారుగా అడిగారు.

"లేదండి, మా అల్లుడుగారు కొలుస్తున్నారు" అంది అమ్మ, మొహంలో ఏ మార్పూ లేకుండా.

నేను వంటింట్లోకి పారిపోయి నవ్వాను. అక్క వింటే ఏమంటుందోనని లోపల భయంగానే ఉంది. తిరిగొచ్చేసరికి బావగారు చొక్కా దులుపుకుంటూ గిన్నెలోకి చూస్తున్నారు.

"ఆదివారం మా బాబాయిగారు మురమళ్ళ నుంచి వస్తున్నారు" అన్నారు చివరికి. "ఆయన నన్ను మించిన అపనమ్మకం మనిషి. నురగ ఇంకాస్త ఎక్కువ పట్టగలవా?"