వదినా అని పిలిచిన మేస్త్రీ

మా సందు మొదట్లో పొద్దున్నే సోయాపాలు, కోడిగుడ్డట్లు అమ్మే బీహువేకి ఒక గుణముంది. కొట్టుకి రెండోసారి వచ్చినవాళ్ళంతా ఆమెకి చుట్టాలే. మేస్త్రీ ఆఖున్ అయితే ఏళ్ళ తరబడి వస్తున్నాడు. ఆమెని వదినా అంటాడు. అతని అట్టులో ఉల్లికాడలు అడక్కుండానే ఎక్కువ పడేవి.

ఈ వేసవిలో ఆమె మొగుడు చిన్‌హాయ్‌కి పక్షవాతం వచ్చింది. ఒక కాలు సరిగా లేవదు. ఆస్పత్రిలో నడక నేర్పుతున్నారు, చాంద్రమానం ఏడో నెల మధ్యలో ఇంటికి పంపేస్తామన్నారు. ఇంట్లో చూస్తే బాత్రూం మేడమీద ఉంది. మెట్ల కింద సామాన్ల గదిని గడప లేని బాత్రూంగా మార్చాలి. చిన్‌హాయ్ మంచంమీంచి పెళ్ళాన్ని అడిగింది ఒక్కటే.

"నువ్వు నాకు స్నానం చేయించే రోజు మాత్రం రానివ్వకే."

ఆ మాట పట్టుకుని ఆమె ఆఖున్ దగ్గరికి పరిగెత్తింది.

ఏడో నెలలో మా ఊరు తైనాన్‌లో ఎవరూ కొత్తగా ఇంటిపని మొదలుపెట్టరు. పోయినవాళ్ళ ఆత్మలు బయట తిరిగే నెల, సుత్తి ఎవరి నెత్తిన పడుతుందో తెలీదు. అయితే అంతకుముందే మంచిరోజు చూసి, పళ్ళు పెట్టి, అగరొత్తులు వెలిగించి, ఎర్రగుడ్డ కట్టిన సుత్తితో గోడ మీద కాస్త కొడితే చాలు, పని మొదలైనట్టే లెక్క. ఆ తర్వాత నెలంతా చేసుకున్నా తప్పు లేదు.

ఆఖున్ సరిగ్గా ఆఖరి మంచిరోజున వచ్చాడు.

"సుత్తి నువ్వే పట్టుకో వదినా. ఇల్లు నీది, దెబ్బ కూడా నీదే అవ్వాలి."

ఆమె భయంభయంగా కొట్టింది. అతను నవ్వాడు. "అట్టు తిప్పుతున్నావా, గోడ కొడుతున్నావా? ఇటివ్వు." ఒక్కటేశాడు, పెచ్చు ఊడి కిందపడింది. కడుపునిండా తిని, రేపే మనుషుల్ని దింపుతానని చెప్పి వెళ్ళాడు.

మనుషులు దిగలేదు. ఫోన్ చేస్తే ఒకరోజు సిమెంటు రాలేదన్నాడు, ఇంకోరోజు పనివాడికి జ్వరమన్నాడు. ఆ జ్వరంవాడి కోసం బీహువే అల్లం వేసిన కోడిసూపు కూడా కట్టి పంపింది. పాపం, ఆఖున్‌కి మాత్రం ఎన్ని తలనొప్పులో అనుకుంది. ఆస్పత్రి నుంచి మొగుడు అడిగితే, "మన ఆఖున్ కదా, చేస్తాడులే" అంది.

గడువు దగ్గరపడేసరికి కంగారుపడి వేరే మేస్త్రీలని అడిగింది. ఒకాయన లోపలికొచ్చి పెచ్చూడిన గోడ చూసి, కొట్టిందెవరో అడిగి అక్కడే ఆగిపోయాడు.

"ఇది ఆఖున్ కొట్టిన గోడ. వదిలేశానని అతను తన నోటితో చెప్పందే మేం ముట్టుకోకూడదమ్మా. పైగా ఏడో నెల."

ఆ వారమే కూరగాయలమ్మే ముసలమ్మ అట్టు తింటూ అంది. "మీ ఆఖున్ లేచూ వాళ్ళ వంటిల్లు ఎంత బాగా చేస్తున్నాడనుకున్నావ్. అద్దంలా ఉంది."

లేచూ ఎవరో కాదు, బీహువే స్నేహితురాలు. ఆఖున్‌ని ఆమెకి చూపించింది బీహువేనే, తన కొట్టు బల్ల దగ్గరే, నా మరిదిలాంటివాడని చెప్పి మరీ.

బీహువే పొయ్యి ఆర్పేసి, గిరాకీని అలాగే వదిలేసి, లేచూ ఇంటికి నడిచింది. ఆఖున్ మోకాళ్ళ మీద కూర్చుని టైల్స్ అతికిస్తున్నాడు. జ్వరంవాడు పక్కనే నిక్షేపంలా సిమెంటు కలుపుతున్నాడు.

"వదినా, తిన్నావా?" అన్నాడు ఆఖున్, చెయ్యి ఆపకుండా.

"నా ఇంట్లో సుత్తి ఎందుకు కొట్టావు?"

"కొట్టకపోతే నెలంతా పోయేది కదా. నీ మంచికే. ఆ పొద్దున ఇక్కడ కూడా కొట్టాను. రెండూ చేద్దామనే అనుకున్నాను, నిజంగా. కానీ లేచూ అక్క మొగుడి సంగతి తెలుసుగా, ఒక్కపూట ఆలస్యమైతే ఊరంతా టముకేస్తాడు. నువ్వైతే మన మనిషివి, అర్థం చేసుకుంటావు."

"అంటే అరిచేవాళ్ళకి ముందు, అన్నం పెట్టేవాళ్ళకి తర్వాతా?"

అతను ఇంకో టైల్ అందుకున్నాడు. లేచూ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నన్ను చూస్తావేంటే? నీ ఇంటికి వెళ్ళొద్దని నేనేమన్నా కట్టేశానా?"

"మా ఆయన ఆస్పత్రి నుంచి ఎప్పుడొస్తాడని రోజూ అడిగేదానివి కదే."

"అడక్కపోతే బాగోదని అడిగాను."

బీహువే ఇంక ఆమెకేసి చూడలేదు. తన ఫోన్ తీసి, ఒక నంబరు కలిపి ఆఖున్ ముందు పెట్టింది. చర్చి వీధిలో గో అనే మేస్త్రీ ఉన్నాడు. క్రైస్తవుడు, ఏడో నెలన్న పట్టింపు లేదు.

"ఆయనతో చెప్పు, నా గోడ వదిలేశానని."

"ఇంతమాత్రానికి ఇన్నాళ్ళ స్నేహం తెంచుకుంటావా వదినా?"

"చెప్పు."

చెప్పాడు. ఫోన్ తిరిగిస్తూ, తనకే అన్యాయం జరిగినట్టు మొహం పెట్టాడు. దారంతా ఆమెకి ఆ మొహమే గుర్తొచ్చింది. ఒక్క క్షణం, నేనే తొందరపడ్డానేమో అని కూడా అనిపించింది. తర్వాత పంపిన సూపు ఎవరు తాగారో గుర్తొచ్చింది.

గో మర్నాడే దిగాడు. బీహువే టీ ఇవ్వలేదు, వరస కలిపి పిలవలేదు. కొట్టు కట్టేసి గుమ్మంలో నిలబడి ప్రతి ఇటుకా చూసింది.

"నమ్మకం లేదామ్మా?" అన్నాడాయన.

"లేదు."

"మంచిదే. అయితే ఇటు రండి, నీళ్ళు పోసి వాలు సరిగ్గా ఉందో లేదో మీరే చూడండి. రేపు నన్నంటే నేనొప్పుకోను."

ఆమె చెంబుతో నీళ్ళు పోసింది. ఒక మూల నిలిచాయి. ఆయన ఏమీ అనకుండా ఆ మూల తవ్వి మళ్ళీ వేశాడు.

చిన్‌హాయ్ ఇంటికొచ్చేసరికి గోడలకి ఇంకా టైల్స్ లేవు, తలుపుకి రంగు లేదు. నేల మాత్రం హాలుతో సమానంగా ఉంది, గోడకి పట్టుకునే కడ్డీ బిగించి ఉంది. అతను కర్ర ఆనించుకుంటూ ఒక్కడే లోపలికెళ్ళి, గడియ పెట్టుకున్నాడు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. బీహువే తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చుంది. తర్వాత నీళ్ళ చప్పుడు వినిపించింది.

"ఏమే," అని లోపల్నుంచి పిలిచాడు, గొంతులో హుషారు తెలుస్తోంది. "మనవాడు బాగా చేశాడే. ఆఖున్‌ని రేపు భోజనానికి పిలువు."

"ముందు స్నానం కానివ్వు," అంది బీహువే. కొట్టులో నడుముకి కట్టుకునే గుడ్డ అంచుతో కళ్ళు ఒత్తుకుంది.